చచ్చినోడు కప్పు వేస్తాడు

గ్రిమ్స్‌బీ, ఇంగ్లండ్
4 మార్చి 1994

వాల్దెసియెర్సో గ్రామ మేయరు ఎలాదియో గార్సెస్ గారి సముఖమునకు,

అయ్యా, నేను ఎడ్నా ప్లాస్కిట్‌ను. వయస్సు అరవై ఒకటి, అవివాహితను. ముప్పై మూడేళ్ళు ఒక బడి వంటశాలలో మూడువందల మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి, మొన్న క్రిస్మస్‌కు పదవీ విరమణ చేశాను. నా పింఛను నెలలో ఇరవయ్యో తేదీ దాకా వస్తుంది. నెల మాత్రం ముప్పై దాకా ఉంటుంది. ఆ చివరి పది రోజులు ఎలా బతకాలన్నదే నా సమస్య.

మీ ఊళ్ళో పాత పంతులుగారి ఇల్లు ఖాళీగా ఉందనీ, ఏడాది పొడుగునా కాపురం ఉండేవాళ్ళకు నెలకు అయిదువేల పెసెటాలకే ఇస్తారనీ పత్రికలో చదివాను. ఆ ఇల్లు నాకు కావాలి. నేను ఎండ కాగడానికి వచ్చే మనిషిని కాను. ఎండ తగిలితే నాకు తలనొప్పి. ఇంటికి పొగగొట్టం ఉందా, కుళాయిలో నీళ్ళొస్తాయా, ఎప్పుడు రావచ్చు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాయండి, చాలు.

నా స్పానిష్‌లో తప్పులుంటే మన్నించండి. గురువారం సాయంత్రాల క్లాసులో నేర్చుకున్నాను. మా మాస్టారు స్పెయిన్ ఎప్పుడూ చూడలేదు. గ్రంథాలయంలో ఉన్న నిఘంటువు 1911 నాటిది.

ఇట్లు,
విధేయురాలు,
ఎడ్నా ప్లాస్కిట్

తా.క.: రెండు వారాల్లో ఏడుస్తూ తిరిగొస్తానని మా పక్కింటివాళ్ళు పందెం కాసుకున్నారు. కాబట్టి మీ ఇంటికి తలుపు లేకపోయినా నేను వస్తున్నాను.


వాల్దెసియెర్సో
20 మార్చి

ఎడ్నా గారికి, ఎలాదియో నమస్కారాలు.

మీ ఉత్తరం బారు దగ్గర అందరి ముందూ పైకి చదివాను. చదవడం అయ్యేసరికి అందరూ పేకముక్కలు కింద పెట్టేశారు. మా ఊళ్ళో అలా జరగడం నేనిదే చూడటం. తర్వాత ఎవరో "రమ్మని రాయరా, ఇంకా కూర్చున్నావేం!" అని అరిచారు. అందుకని రాస్తున్నాను. రండి.

పొగగొట్టం ఉంది. నీళ్ళొస్తాయి. కప్పు రెండుచోట్ల కారుతుంది, అదీ వాన పడినప్పుడే. దాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి. చచ్చినోడు కప్పు వేస్తాడు. చెప్పేశాను, ఒప్పుకున్నాడు. ఈ చుట్టుపక్కల వాడంత పనిమంతుడు లేడు. మీ పొయ్యి, పొగగొట్టం కూడా వాడే చూస్తాడు. శుభ్రమైన మనిషి, ఒంటరివాడు. ఉల్లిపాయ మాత్రం ముట్టడు.

రైలు స్టేషన్ నుంచి మిమ్మల్ని గుడ్డోడు తన రొట్టెల వ్యానులో తీసుకొస్తాడు. కొండదారిలో తొంభై ఒక్క మలుపులున్నాయి. గుడ్డోడు అన్నీ ఒంటిచేత్తోనే తిప్పుతాడు, కాబట్టి ధైర్యంగా కూర్చోండి. తాళంచెవి చెవిటోడి దగ్గర ఉంటుంది. వీధిలోంచి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, వచ్చేస్తాడు.

ఇక అసలు సంగతి. ఊరి జాబితాలో మేం ముప్పై తొమ్మిది మందిమి. సెప్టెంబరు ఇరవై తొమ్మిది, సన్ మిగేల్ పండగనాడు, తలలు లెక్కపెడతారు. నలభై ఉంటేనే మంగళవారం మంగళవారం డాక్టరు మా ఊరొస్తాడు. ఒక్కటి తగ్గినా రాడు. డాక్టరు రాకపోతే ముసలివాళ్ళు జరగోజా పట్నంలో కూతుళ్ళ దగ్గరికి పోతారు. ముసలివాళ్ళు పోతే ఇక్కడ మిగిలేవాళ్ళెవరు? అందుకని మీరు ఆ లోపల వచ్చి జాబితాలో పేరు రాయించుకోవాలి. మీకు ఇల్లు ఎంత అవసరమో మాకు మీరు అంత అవసరం.

మీ రాకకు ఎదురుచూసే
ఎలాదియో

తా.క.: మీరొచ్చేసరికి చచ్చినోడు ఇంకా కప్పు మీదే ఉంటే హఠాత్తుగా కేక వేయకండి. ఉలిక్కిపడి కింద పడ్డాడంటే ఊరికి ఇంకో మేస్త్రీ లేడు.


గ్రిమ్స్‌బీ
8 ఏప్రిల్

గౌరవనీయులైన మేయరు గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిఘంటువు ఆరుసార్లు తిప్పాను. నా నిర్ణయం మారలేదని ముందే చెప్పేస్తున్నాను. ఇంటి యజమానికి గది ఖాళీ చేస్తున్నానని నోటీసు కూడా ఇచ్చేశాను.

మీ ఊరి కష్టాలు తెలిసి నా మనసు కలత చెందింది. చూపు లేని మనిషి వ్యాను నడుపుతున్నాడంటే అక్కడ బతుకు ఎంత గట్టిదై ఉండాలి! వినికిడి లేని పెద్దాయన్ను నమ్మి తాళాలు అప్పగించారంటే మీరెంత మంచివారై ఉండాలి! నావంతుగా ఒక పార్సెలు పంపుతున్నాను. చెవిటివారికి మా పెదనాన్న వాడిన చెవి గొట్టం. అంధులైన డ్రైవరుగారికి నల్ల కళ్ళజోడు, తెల్ల కర్ర. మరణించిన మేస్త్రీగారికి ఏం పంపాలో మాత్రం తోచలేదు. పూలదండా, చేతి తొడుగులా అని ఒక పూటంతా ఆలోచించి రెండూ పెట్టాను.

మీరు నొచ్చుకోకపోతే మూడు సందేహాలు. చచ్చిన వ్యక్తి కప్పు ఎలా వేస్తారు? ఎంత కాలం నుంచి ఆయన ఈ స్థితిలో ఉన్నారు? పక్కింటివాళ్ళకు ఇబ్బంది లేదా?

ఊరందరి కోసం నా 'మీట్ పై', అంటే మాంసం కూరి కాల్చే రొట్టె, ఎలా వండాలో కాగితం మీద రాసి జత చేశాను. మా బడి పిల్లలు దీనికోసం కొట్టుకునేవాళ్ళు.

మీ కాబోయే గ్రామస్థురాలు,
ఎడ్నా ప్లాస్కిట్

తా.క.: సాయంత్రం పని అయ్యాక మేస్త్రీగారు తమంతట తామే దిగుతారా, లేక పాదిరి గారిని పిలవాలా?


వాల్దెసియెర్సో
2 మే

ఎడ్నా గారికి, మీ పార్సెలు దెబ్బకు ఇంకా తేరుకోని ఎలాదియో నమస్కారాలు.

ఏమిటండీ ఆ సామాను! చెవిటోడు ఆ గొట్టం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, సీసాల్లోకి ద్రాక్షసారా పోయడానికి ఇంత మంచి గరాటు తన జన్మలో చూడలేదన్నాడు. తెల్ల కర్రతో బాదంకాయలు రాలుస్తున్నారు. గుడ్డోడు నల్ల కళ్ళజోడు పెట్టుకుని సినిమా హీరోలా బండెక్కి, తిన్నగా వెళ్ళి వీధి పంపును గుద్దాడు. ముప్పై ఏళ్ళలో వాడికిదే మొదటి ప్రమాదం. "ఆ జోడు పెట్టుకుంటే ఏమీ కనపడటంలేదురా!" అంటాడు. అయినా తీయడు.

చేతి తొడుగులు చచ్చినోడికి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. దండ మాత్రం తగిలించే చోటు లేక వాడి గుమ్మానికే కట్టాడు. అది చూసి పక్క ఊరివాళ్ళు ముగ్గురు పరామర్శకు వచ్చారు. కాసేపు ఏడ్చి, పంది తొడ మొత్తం తినేసి వెళ్ళారు.

మీ సందేహాలకు జవాబులు. కప్పు ఎలా వేస్తాడంటే, అందరిలాగే. నిచ్చెన వేసుకుంటాడు, వాసాలు చూస్తాడు, రెల్లు పరుస్తాడు, సున్నం పూస్తాడు, పెంకు పేరుస్తాడు. కొంచెం నెమ్మది. ఎప్పటి నుంచి చచ్చినవాడంటే, పుట్టినప్పటి నుంచీ. వాళ్ళ నాన్నా అంతే. పక్కింటివాళ్ళకు ఇబ్బంది లేదు. ఉదయం పూట కాస్త పాటలు పాడతాడు, ఓర్చుకుంటారు. సాయంత్రం వాడే దిగుతాడు. పాదిరిని మాత్రం పిలవకండి. పేకాటలో ఏదో గొడవై ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.

ఇన్ని ప్రశ్నలు మీరు ఒక్క చచ్చినోడి గురించే అడిగారని బారులో అందరూ గమనించారు. వాళ్ళ నవ్వులు నేను రాయను.

ఎలాదియో

తా.క.: మీ 'మీట్ పై' చాలా బాగుంటుందంటున్నారు. అందులో ఉల్లిపాయ తీసేస్తే నేనూ తింటాను. కాగితం మూల తెల్లటి మరకకు క్షమించండి, సున్నం.


గ్రిమ్స్‌బీ
20 మే

గౌరవనీయులైన ఎలాదియో గారికి,

"పుట్టినప్పటి నుంచీ" అన్న మాట పట్టుకుని నాలుగు రోజులు నిద్ర లేదు. గురువారం మాస్టారిని అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, "బహుశా ప్రభుత్వం లెక్కలో లేని పనివాణ్ణి అక్కడ అలా అంటారేమో" అన్నారు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. పాపం, ఆ మనిషికి కాగితాలు లేవు! బీమా లేదు! నా ఇంటి కప్పు మీంచి పడితే ఆయన గతేమిటి?

ముప్పై మూడేళ్ళలో నేను చట్టం తప్పి ఒక కోడిగుడ్డు కూడా పగలగొట్టలేదు. పరాయి దేశం వస్తూ తప్పుతో మొదలుపెట్టను. అందుకని మీ జిల్లా ఆఫీసు చిరునామా కనుక్కుని మర్యాదగా ఉత్తరం రాశాను. "వాల్దెసియెర్సోలో మరణించిన ఒక మేస్త్రీ నా ఇంటి కప్పు వేస్తున్నారు. ఆయనకు బీమా వర్తిస్తుందా?" ఇంతే అడిగాను. మీరు ఆయన్ను ఎంతో మెచ్చుకున్నారని కూడా రాశాను.

వాళ్ళు వెంటనే ఒక ఫారం పంపారు. ఇంత చురుకైన ఆఫీసు మా దేశంలో లేదు. నింపి పంపేశాను. ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

ఎడ్నా

తా.క.: ఫారంలో 'మరణ కారణం' అన్నచోట కాసేపు తటపటాయించి, 'తెలియదు, ప్రస్తుతం ఆరోగ్యంగా ఉన్నారు' అని రాశాను.


వాల్దెసియెర్సో
15 జూలై

ఎడ్నా గారికి,

కూర్చుని చదవండి.

మా ఊళ్ళో ఎవరినీ అసలు పేరుతో పిలవరు. ప్రతి కుటుంబానికీ ఒక పిలుపు పేరుంటుంది. అది తాత నుంచి మనవడికి వస్తుంది, పొమ్మన్నా పోదు. గుడ్డోడి తాత పేకాటలో చేతిలో ఉన్న ఆసును చూసుకోలేదు. అంతే, మూడు తరాలుగా వాళ్ళు గుడ్డోళ్ళు. మా గుడ్డోడికి కొండ మీద మేక చెవిలో పేలు కూడా కనపడతాయి. చెవిటోడి తాత పన్నులవాడు పిలిస్తే వినపడనట్టు నటించాడు. చచ్చినోడి తాతను పెద్ద జ్వరాల ఏట శవపేటికలో పెట్టి పాదిరి ప్రార్థన మొదలుపెట్టగానే, లేచి కూర్చుని గ్లాసుడు ద్రాక్షసారా అడిగాడట. ఇదండీ కథ. మీకిది తెలియదన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటలు, వాటికి అర్థం ఉందనే మరిచిపోయాను.

మీ ఫారం అందుకుని జూన్ ఆరున ఇన్‌స్పెక్టరు ఒకాయన రెండు స్టాంపులు పట్టుకుని దిగాడు. వీధి పంపు దగ్గర చెవిటోణ్ణి పట్టుకుని అడిగాడు. "ఈ ఊళ్ళో చచ్చినోడెవరయ్యా?"

"ఉన్నాడు కదండీ, మన మేస్త్రీ."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. "ఎప్పుడు పోయాడు?"

"పొద్దున్నే పోయాడండీ, పైకి."

"అయ్యో! ఎవరైనా దగ్గరున్నారా?"

"ఎందుకండీ? నిచ్చెన నేనే పట్టుకున్నాను."

ఆయన అంతా రాసుకుని, స్టాంపు కొట్టి, చెవిటోడి భుజం తట్టి వెళ్ళిపోయాడు. మూడు వారాలకు కాగితం వచ్చింది. మా చచ్చినోడు జూన్ ఆరున మరణించినట్టు, జాబితా నుంచి తీసేసినట్టు, ఆఫీసు తన సంతాపం తెలుపుతున్నట్టు.

చచ్చినోడు బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాడు. "అయ్యా, నేను బతికే ఉన్నాను" అన్నాడు. గుమస్తా తలెత్తకుండా "పత్రం ఉందా?" అన్నాడు. బతికున్నట్టు పత్రం కావాలట. దాని మీద మా ఊరి మేయరు సంతకం ఉండాలట. ఎడ్నా గారూ, ఆ సంతకం ఇప్పుడు చెల్లదు. ఎందుకు చెల్లదో అడగకండి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మీ పేరు జాబితాలో ఎక్కాలన్నా అదే సంతకం కావాలి. అంటే ఇప్పుడు మేం ముప్పై ఎనిమిది. మీరొచ్చినా ముప్పై ఎనిమిదే. చెవిటోడి గుండె మంచిది కాదు, మంగళవారం డాక్టరును నమ్ముకునే బతుకుతున్నాడు. జరగోజాకు పెట్టె సర్దుకున్నాడు. అక్కడ కూతురిది ఏడో అంతస్తు. "పైనుంచి చూస్తే ఎవరి మొహమూ తెలీదంటరా" అని నిన్న నన్నడిగాడు.

మీ మీద కోపం వచ్చింది. రెండు రోజులుంది. మూడోరోజు మీ పొగగొట్టంలో మసి దులుపుతుంటే ఎందుకో పోయింది. కప్పు పూర్తయింది. మొన్న గాలివానకు ఒక్క చుక్క కారలేదు. రావాలో వద్దో ఇక మీ ఇష్టం.

ఎలాదియో

తా.క.: ఒక్క మంచి జరిగింది. పాదిరి చచ్చినోడితో మళ్ళీ మాట్లాడుతున్నాడు. పోయినవాళ్ళ మీద పగ పెట్టుకోవడం పాపమట.


జిల్లా కేంద్రం, బస్టాండు పక్క సత్రం
22 సెప్టెంబరు

ఎలాదియో గారికి,

తప్పు నాది. చదవగానే సిగ్గుతో వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. తర్వాత లేచి రెండు పెట్టెలు సర్దాను. నా వల్ల చెడింది నేనే బాగు చేస్తాను. మీ ఇష్టం అన్నారు కదా, ఇదే నా ఇష్టం.

రైలు దిగి మీ ఊరు రాలేదు. తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను. నాలుగు గంటలు వరుసలో నిలబడ్డాను. మూడువందల మంది పిల్లలను వరుసలో నిలబెట్టినదాన్ని, వరుస నన్నేం చేస్తుంది? కిటికీ దగ్గరికి చేరాక గుమస్తా తలెత్తకుండా "పత్రం ఉందా?" అన్నాడు. "లేదు బాబూ, ఉత్తరం ఉంది" అన్నాను.

జూలై పదిహేనున మీరు రాసిన ఉత్తరం బల్ల మీద పరిచాను. దాని మూల తెల్లటి సున్నపు వేలిముద్ర. మే నెల ఉత్తరంలోనూ అదే ముద్ర, మార్చిలోనూ అదే. ఈ దేశంలో గుర్తింపు కార్డు మీద వేలిముద్ర వేయిస్తారని మా గురువారం మాస్టారికి కూడా తెలుసు. "మీ ఫైలులో ఉన్న మేస్త్రీ ముద్ర తీసి పక్కన పెట్టి చూడండి" అన్నాను. పెద్ద ఆఫీసరు వచ్చాడు. భూతద్దం తెప్పించాడు. చాలాసేపు చూశాడు. "అమ్మా, చనిపోయిన ముప్పై తొమ్మిదో రోజున ఈయన ఇంత ఉత్తరం ఎలా రాశాడు?" అన్నాడు. "అదే నేనూ అడుగుతున్నాను" అన్నాను.

అవునండీ, నాకు తెలిసిపోయింది. జామ్ సీసాలో ఎవడు వేలు పెట్టాడో మూత చూసి చెప్పేదాన్ని నేను. మేయరు కాగితాల మీద సున్నం ఎందుకుంటుంది? చచ్చినోడు ఉల్లిపాయ ముట్టడు, మేయరుకూ ఉల్లిపాయ వద్దు. నా పొగగొట్టం చచ్చినోడు చూస్తాడని రాసి, మసి మీరు దులిపారు. చనిపోయిన మేయరు సంతకం ఎలా చెల్లుతుంది? శుభ్రమైన మనిషి, పనిమంతుడు, ఒంటరివాడు అంటూ మార్చి నుంచీ మిమ్మల్ని మీరే పొగుడుకుంటున్నారు! నేనేమో మీకు పూలదండ పంపాను.

నిన్నటి తేదీతో మిమ్మల్ని తిరిగి బతికించారు. సంతకం చెల్లుతుందని కాగితం మీద స్టాంపు కొట్టించాను. ఈ ఉత్తరం ఈ పూట బండిలోనే గుడ్డాయన చేత పంపుతున్నాను. రేపు ఉదయం అదే బండిలో నేనూ వస్తున్నాను. పెన్ను సిద్ధంగా పెట్టుకోండి. చెవిటాయన్ను పెట్టె విప్పమనండి.

ఎడ్నా

తా.క.: మీ ఉత్తరాలన్నీ ఫైలులో పెట్టేసుకున్నారు, తిరిగి ఇవ్వరట. మీరు మళ్ళీ మొదటి నుంచి రాయాలి.


వాల్దెసియెర్సో
30 సెప్టెంబరు

ఎడ్నా గారికి, ఎదురింటి ఎలాదియో నమస్కారాలు.

మధ్యలో ఆరడుగుల వీధి పెట్టుకుని ఉత్తరమేమిటంటారా? నోటితో చెప్పే ధైర్యం లేదు. పైగా మళ్ళీ రాయాలని మీరే అన్నారు. అందుకని మీ తలుపు కింద తోస్తున్నాను.

నిన్న పండగలో మీరు చూశారు కదా, అదే ఇన్‌స్పెక్టరు పంపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. నలభై. నా దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు తాకి చూశాడు. మంగళవారం డాక్టరు వస్తాడు. చెవిటోడు పెట్టె విప్పి, అది పగలగొట్టి పొయ్యిలో పెట్టాడు. వాడు ఏడవడం నేను చూశాను. నేను ఏడవడం వాడూ చూశాడు.

ఇక ఒక ఇబ్బంది. ఊళ్ళో మీకు పిలుపు పేరు పెట్టేశారు. ఎవరు మొదలుపెట్టారని గట్టిగా అడిగితే గుడ్డోడు ఇలా అన్నాడు. "చచ్చినోడి కాగితాల కోసం ఆఫీసులో నాలుగు గంటలు నిలబడేదెవరురా? పెళ్ళామే కదా! మరి మొగుడు చచ్చాడు కాబట్టి..." ఎడ్నా గారూ, ఊరంతా మిమ్మల్ని 'చచ్చినోడి విధవరాలు' అంటున్నారు. రొట్టెల చీటీ మీద కూడా అలాగే రాశారు. పాదిరి కూడా నోరు జారాడు.

మేయరుగా నేను ఏమైనా చేయగలను, ఈ ఊళ్ళో ఒకసారి పడిన పేరును మాత్రం తీయలేను. పేరు మారదు కాబట్టి మనమే పేరుకు తగ్గట్టు సర్దుకోవాలేమో అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఒక మనిషికి విధవరాలు ఉండాలంటే పద్ధతి ప్రకారం ముందు పెళ్ళి కావాలి, తర్వాత అతను చావాలి. చావు ఎలాగూ ఆఫీసులో ఒకసారి అయిపోయింది. మిగిలింది పెళ్ళే.

నాకు మీరంటే ఇష్టం. మీ కప్పు వేస్తున్నప్పటి నుంచీ ఇష్టం.

శుభ్రమైన, పనిమంతుడైన, ఇంకా ఒంటరివాడైన
చచ్చినోడు

తా.క.: దీంట్లో ఏ సందేహం ఉన్నా నన్నే అడగండి. జిల్లా ఆఫీసుకు రాయకండి.